ఆదివారం పని మానిన మాదిగపల్లెలు

1867 జనవరి 1న ఒంగోలులో ఎనిమిది మంది సభ్యులతో ఒక బాప్తిస్టు సంఘం ఏర్పడింది. ఆ నెలలోనే పడమటి పల్లెల మాదిగలు అందులో చేరసాగారు. చేరేవాళ్ల ముందు పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఆ సంఘాన్ని నడిపిన అమెరికన్ మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఈ సంగతిని తన జీవితకథలో చెప్పుకున్నాడు. ఆ పుస్తకం ఆయన పోయాక 1914లో వెలువడింది. అక్షరం రాని మనిషి కూడా వేళ్ల మీద లెక్కపెట్టుకోగలిగినంత చిన్న జాబితా అది. ఇందులో మన చూపు ముందుగా రెండో నియమం మీదికీ మూడో నియమం మీదికీ పోతుంది. తిండి, దేవుడు అనేసరికి పెద్ద మార్పు జరిగినట్టు అనిపిస్తుంది. వారానికి ఒకరోజు పని మానడం వాటి పక్కన చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ ఊరితో తగవు తెచ్చినవాటిలో అన్నిటికన్నా బరువైనది ఆ మొదటి నియమమేనని, తరతరాల చాకిరీ కట్టుబాటును మొదట తెంచింది అదేనని నా వాదన. దేవుడు చెప్పాడు కాబట్టి ఈ రోజు పని చెయ్యం అనడమంటే, ఊరు పిలిచినా ఈ రోజు రాం అనడమే. దైవభక్తిలో భాగంగా పాటించిన ఒక ఆచారం, భూమీ చదువూ లేని మనుషుల చేతికి తమ కాలంలో ఒక భాగాన్ని తెచ్చి ఇచ్చింది.

కథ అంతకు ముందే మొదలైంది. అమెరికన్ బాప్తిస్టులు 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్లు గడిచినా చేరినవాళ్లు చేతివేళ్లకు మించలేదు. 1853లో అమెరికాలో పెద్దలు కూర్చుని ఈ నెల్లూరు మిషన్‌ను మూసేద్దామా అని చర్చించుకున్నారు. పటంలో ఒంటరి చుక్కలా మిగిలిన కేంద్రం కాబట్టి దానికి ఒంటరి నక్షత్రం అన్న పేరు అప్పుడే పడింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున అక్కడి మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, మరో ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేశారు. పన్నెండేళ్ల తర్వాత ఆ జ్యూయెట్ దగ్గరికే యర్రగుంట్ల పేరయ్య వచ్చాడు. పేరయ్య మాదిగ. తోళ్ల వ్యాపారం మీద ఉత్తరం వైపు జిల్లాలకు తిరిగేవాడు. అంతకు ముందు వీరమ్మ అనే గురువు దగ్గర రాజయోగం నేర్చుకుని, తెల్లవారకముందే లేచి ధ్యానంలో కూర్చునే అలవాటు ఉన్నవాడు. వ్యాపారం మీద తిరుగుతూ క్రైస్తవం గురించి విన్నాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం పుచ్చుకున్నాడు. కనిగిరి వైపున్న తన ఊరు తాళ్లకొండపాడు తిరిగి వెళ్లి, అక్కడ తనవాళ్లకు చెప్పడం మొదలుపెట్టాడు. క్లౌ ఆ ఊరు చేరేసరికి వినడానికి సిద్ధంగా మనుషులున్నారు. ఆ వారంలోనే ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ క్రమం గుర్తుపెట్టుకోవలసినది, ఎందుకంటే తర్వాత వచ్చే ఒక ఆక్షేపణకు జవాబు ఇందులోనే ఉంది.

ఆదివారం పని మానడం అంటే ఏమిటో తెలియాలంటే అప్పటి ఊళ్లో మాదిగ చేసే పని ఏమిటో చూడాలి. ఒంగోలు పడమట కాలవలు లేవు. ఉన్నది బావి, బావి మీద కపిల. పెద్ద తోలు బాన, దాని అడుగున నీళ్లు కుమ్మరించే తోలు తొండం, లాగడానికి మోకు, ఆ మోకును లాగుతూ వాలుగా తవ్విన దారిలో దిగే జత ఎద్దులు. ఈ మొత్తంలో ఎక్కడ తోలు ఉందో అక్కడ మాదిగ చెయ్యి ఉంది. చచ్చిన గొడ్డును ఈడ్చుకెళ్లి తోలు ఒలవాలి. సున్నంలో నానబెట్టి వెంట్రుకలు తీసి, తంగేడు చెక్క వేసిన లందలో ఊరబెట్టాలి. రంపెతో కోసి, ఆరెతో పొడిచి, తోలు వారుతోనే కుట్టాలి. నీళ్లలో నానుతూ ఎండలో ఆరుతూ ఉండే తోలుకు ఆయుష్షు తక్కువ. కుట్టు ఎప్పుడు వదులుతుందో చెప్పలేం. తొండం చిరిగితే పైకి వచ్చేలోపే సగం నీళ్లు బావిలో పడిపోతాయి, మడి ఎండుతుంది. అందుకే రైతు ఇంటికి మాదిగ ఎప్పుడు పిలిస్తే అప్పుడు అందుబాటులో ఉండాలి. కాడికి పలుపులు, ఎద్దుల మెడపట్టెలు, ఇంటిల్లిపాదికీ చెప్పులు అతని బాధ్యతే. కోతలప్పుడు కోత, కళ్లంలో నూర్పు. కూలి రోజుకింత అని లెక్క లేదు. ఏడాది చివర కళ్లం దగ్గర మేర, అంటే ధాన్యంలో అతని వాటా, కొలుస్తారు. ఎంత కొలవాలో ఆనవాయితీ చెబుతుంది, ఎలా కొలవాలో ఆసామి చెయ్యి చెబుతుంది. దీనికి తోడు వెట్టి. సర్కారు ఉద్యోగి ఊళ్లోకి వస్తే సామాను మొయ్యాలి, కబురు మొయ్యాలి. ఇలాంటి ఏర్పాటులో అమ్ముడయ్యేది పనిగంట కాదు. మనిషి కాలమంతా ఊరి సొత్తు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. మన పల్లెల్లో విశ్రాంతి అనేదే లేదా? అమావాస్య నాడు నాగలి కట్టని ఊళ్లు ఎన్నో ఉన్నాయి. సోమవారం బసవన్న మీద కాడి పెట్టని శైవ రైతులున్నారు. ఏరువాక పున్నమికీ కనుమకీ ఎద్దులను కడిగి పూజించి మేపేవారు. పండగలూ తిరునాళ్లూ సరేసరి. ఉన్నాయి, కాదనలేం. అయితే ఆ రోజుల్లో మాదిగ ఏం చేసేవాడన్నది అసలు ప్రశ్న. పోలేరమ్మకో అంకమ్మకో కొలుపులు చేస్తే డప్పు కొట్టాల్సింది అతను. దున్నపోతును నరికాక తలా కళేబరమూ చూసుకోవలసింది అతను. మాతంగి పూనకం వచ్చి ఆడేది అతని ఆడపడుచే. పెళ్లికీ చావుకీ డప్పు అతనిదే. ఊరు పని మానిన రోజు మాదిగకు మరింత పని పడేది. పండగలో అతనికి చోటు లేదని అనడం లేదు. చోటు ఉంది, అది సేవకుడి చోటు. ఎద్దు మెడ మీది కాడి దించిన రోజు కూడా మనిషి మెడ మీది కాడి దిగలేదు. పైగా ఏ తిథి ఎప్పుడొస్తుందో చెప్పే పంచాంగం పురోహితుడి ఇంట్లో ఉంటుంది. కొలుపులు ఎప్పుడు చెయ్యాలో ఊరి పెద్దలు తేలుస్తారు. ఆదివారానికి ఈ ఇబ్బంది లేదు. సంత ఏ వారమో తెలిసిన ప్రతి మనిషికీ ఆదివారం ఎప్పుడో తెలుసు. ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరూ చాటించక్కర్లేదు. వారం తిరిగేసరికి అదే వస్తుంది.

విశ్రాంతి దినం గురించిన ఆజ్ఞ బైబిలులో రెండు చోట్ల ఉంది, రెండు చోట్లా కారణం వేరు. నిర్గమకాండంలో దేవుడు ఆరు రోజులు సృష్టి చేసి ఏడో రోజు విశ్రమించాడు కాబట్టి మనుషులూ అలా చెయ్యాలని ఉంది. ద్వితీయోపదేశకాండంలో మాట మారింది. నువ్వు ఒకప్పుడు ఐగుప్తులో దాసుడివి, దేవుడు నిన్ను అక్కడి నుంచి విడిపించాడు, అందుకే నీ దాసుడూ దాసీ కూడా నీలాగే విశ్రమించాలి అన్న అర్థం వస్తుంది. ఎద్దు, గాడిద, ఊళ్లో ఉన్న పరదేశి కూడా ఆ జాబితాలో ఉన్నారు. అంటే ఆ ఆజ్ఞ పుట్టినప్పుడే అందులో చాకిరీ చేసే మనిషి ఉన్నాడు. తర్వాత క్రైస్తవులు శనివారం స్థానంలో క్రీస్తు పునరుత్థానదినమైన ఆదివారాన్ని పాటించసాగారు. క్రీ.శ. 321లో రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఆదివారం న్యాయస్థానాలూ పట్టణవాసుల పనులూ ఆపాలని శాసనం చేశాడు. అందులోనే పొలం పనికి మినహాయింపు ఇచ్చాడు. అదను తప్పితే పంట పోతుంది, కాబట్టి సేద్యం చేసుకోవచ్చు అన్నాడు. చక్రవర్తి శాసనం సేద్యగాడికి ఇవ్వని విశ్రాంతిని, పదిహేను వందల ఏళ్ల తర్వాత ఒంగోలు పల్లెల్లో సేద్యానికి కట్టుబడిన మాదిగలు తమంతట తాము తీసుకున్నారు. చక్రవర్తి చూపిన కారణమే ఇక్కడ ఆసాములూ చూపించారు: అదను తప్పుతుంది.

అలా తగవు మొదలైంది. శనివారం సాయంత్రం తొండం చిరిగితే ఆదివారం కుట్టాలా వద్దా? బాప్తిస్టులు వచ్చిన ప్రొటెస్టంటు సంప్రదాయంలో తప్పనిసరి పనికీ దయతో చేసే పనికీ విశ్రాంతి దినాన మినహాయింపు ఉంది. గొడ్డుకు నీళ్లు పెట్టవచ్చు, జబ్బు మనిషికి సేవ చెయ్యవచ్చు. కానీ ఏది తప్పనిసరో ఎవరు తేలుస్తారు? ఇంతకాలం ఆ మాట ఆసామిది. అతను రమ్మంటే అది తప్పనిసరి. ఇప్పుడు ఆ నిర్ణయం సంఘానికి వచ్చింది, అంటే పల్లెలోని నలుగురు మాదిగ పెద్దల ముందుకు వచ్చింది. పని మానిన దానికన్నా ఈ నిర్ణయాధికారం చేతులు మారడమే ఊరి పెద్దలను ఎక్కువగా కలవరపెట్టి ఉంటుందని నేననుకుంటాను. వాళ్ల జవాబు కూడా ఆ స్థాయిలోనే వచ్చింది. కొత్తగా చేరినవాళ్లను ఊరి వీధుల్లోకి రానివ్వలేదు. కుమ్మరి కుండ ఇవ్వకూడదన్నారు, చాకలి బట్ట ముట్టకూడదన్నారు. నీళ్ల దగ్గర అడ్డుకున్నారు, లేనిపోని కేసులు బనాయించారు. ఒక రోజు పని పోయినందుకు జరిగిన నష్టం ఇంత కక్షకు సరిపోదు. ఆరు రోజులు యథాప్రకారం చాకిరీ చేస్తూనే ఉన్నారు కదా. నిజానికి ఆ నియమం వెట్టిని మానమని ఎక్కడా అనలేదు, మేర పెంచమని అడగలేదు, భూమి ఊసెత్తలేదు. అయినా ఊరు దాన్ని తిరుగుబాటుగానే చదివింది. ఊరు సరిగ్గానే చదివిందని చెప్పాలి.

దీనికి మొదటి ఆక్షేపణ అందరికీ తెలిసిందే. వీళ్లు లోబడింది దేవుడికి కాదు, దొరకు. ఒక యజమాని పోయి మరొక యజమాని వచ్చాడు, అంతకు మించి ఏమీ లేదు. ఇది బలమైన మాట, ఎందుకంటే మిషనరీని అప్పుడు అందరూ దొర అనే పిలిచేవారు, పాలకుడి రంగే అతని రంగు. కానీ పల్లెలో ఆ నియమం ఎలా నిలబడిందో చూడండి. క్లౌ ఒంగోలులో ఉంటాడు. పల్లెలు వందల్లో, ఎడ్లబండి మీద రోజుల తరబడి ప్రయాణం దూరంలో ఉన్నాయి. ఆయన ఒక పల్లెకు ఏడాదిలో ఒకసారి రావడమే గొప్ప. బోధకులు మూడు నెలలకోసారి ఒంగోలులో కూడుకుని, తిరిగి తమ పల్లెలకు వెళ్లిపోయేవారు. ఆదివారం పొద్దున ఆసామి మనిషి గుమ్మం ముందు నిలబడి పిలిచినప్పుడు పక్కన దొర లేడు. రానని చెప్పేది ఒక మాదిగ, విని కోపగించేది అతనికి మేర కొలవాల్సిన ఆసామి, సాక్ష్యంగా ఉన్నది ఇరుగుపొరుగు. ఆ క్షణాన దొరకు లోబడి దక్కేది ఏమీ లేదు. ఇంకో సంగతి. బోధకుల్లో అత్యధికులు మాదిగలే, పేరయ్య లాంటివాళ్లే. గురువు మాట ప్రకారం దినచర్యను కట్టుదిట్టంగా నడపడం, తిండిలో నియమం పాటించడం ఆయనకు క్రైస్తవం నేర్పిన విద్య కాదు. వీరమ్మ దగ్గర నేర్చుకున్నది. ఆచారం ద్వారా దేవుడికి విధేయత చూపడం ఈ నేల మనుషులకు కొత్త కాదు. ఆ విధేయతకు ఊరి అనుమతి అక్కర్లేకపోవడమే కొత్త. దొర చేతిలో తుపాకీ ఉన్నట్టు రాసే చరిత్రలు పేరయ్యను చూడవు, అది ఆ మనిషికి చేసే అన్యాయం.

రెండో ఆక్షేపణ కరువుది. 1876 నుంచి 78 వరకు మద్రాసు రాజధానిని ఊడ్చేసిన కరువులో అన్నం కోసం చేరారు, అలాంటివాళ్ల ఆచారానికి విలువేమిటి అంటారు. క్లౌ ఆ కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ల ముక్క గుత్తకు తీసుకుని వేలమందికి పని చూపించాడు. మాదిగ బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. అన్నం దొరికిన చోటికి జనం రావడంలో దాచాల్సింది ఏమీ లేదు. ఆకలిగొన్న మనిషి అన్నం వైపు నడవడాన్ని తప్పుగా చెప్పేవాళ్లు ఆకలిని తూకం వెయ్యలేదని నా అభిప్రాయం. అయినా ఆక్షేపణకు ఆక్షేపణగానే జవాబు చెప్పాలి. 1877 మార్చి నుంచి పదిహేను నెలల పాటు, అంటే కరువు సాయం నడిచినంత కాలం, క్లౌ ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. ఇవ్వమని అడిగినా ఇవ్వలేదు. కాలవ పని ముగిసి, ఇక ఇచ్చేది లేదని తేలాకే మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. బోధకులు ఆరుగురు, ఇద్దరు చొప్పున నీళ్లలో నిలబడి వంతులవారీగా ఇచ్చారు. ఆ ఏడాది ముగిసేలోగా లెక్క తొమ్మిది వేలు దాటింది. వాళ్లంతా అన్నీ అర్థం చేసుకుని వచ్చారని అనలేం. సాటి మిషనరీలే తొందరపడ్డారని విమర్శించారు. 1933లో మిషనరీ వాస్కం పికెట్ భారతదేశంలోని సామూహిక మతాంతరాల మీద అచ్చువేసిన పెద్ద పరిశీలన ఈ వాదానికి పనికొస్తుంది. తెలుగు ప్రాంతాలు కూడా అందులో ఉన్నాయి. ఏ కారణంతో చేరారన్నదాని కన్నా, చేరాక ఎలాంటి బోధ అందింది, క్రమం తప్పకుండా ఆరాధనకు వచ్చారా లేదా అన్నదే తర్వాతి జీవితాన్ని ఎక్కువగా తీర్చిందని ఆయన తేల్చాడు. అన్నం కోసం వచ్చినవాడు కూడా వారం వారం పని ఆపి కూర్చోగా కూర్చోగా మరో మనిషయ్యాడన్నమాట. ఆచారం నమ్మకం నుంచి పుట్టాలని మనం అనుకుంటాం. చాలా పల్లెల్లో నమ్మకమే ఆచారం వెంట నడిచి వచ్చింది.

ఆ కూర్చున్న రోజున ఏం జరిగేదో కూడా చెప్పాలి, ఎందుకంటే ఖాళీ రోజు తనంతట తాను ఎవరినీ మార్చదు. తాటాకు పందిరి కిందో వేపచెట్టు కిందో పల్లె కూడేది. బోధకుడు ఒక భాగం చదివి, అది అందరికీ నోటికి వచ్చేదాకా చెప్పించేవాడు. పురుషోత్తమ చౌదరి లాంటివారు తెలుగు రాగాల్లో కట్టిన కీర్తనలు పాడేవారు. పిడికెడు బియ్యం పక్కన పెట్టి తెచ్చి కానుకగా పోసేవారు. ఒకరికి ఇవ్వగలగడం కూడా ఆ పల్లెకు కొత్తే, ఇంతవరకు పుచ్చుకోవడమే వాళ్ల వంతు. తగవులు అక్కడే తీర్చుకునేవారు. పిల్లలు అక్షరాలు దిద్దేవారు. పక్క పల్లెలవాళ్లూ కలిసేవారు, ఒక ఊళ్లో జరిగిన దౌర్జన్యం మరో ఊరికి తెలిసేది. మాదిగవాడ అనేది ప్రతి ఊరికీ తోకలా అతుక్కుని, పొరుగూరి మాదిగవాడతో చుట్టరికం తప్ప మరో సంబంధం లేకుండా బతికిన చోట, వారానికొకసారి కలవడం అంటే ఒక సమాజం పుట్టడమే.

మూడో ఆక్షేపణను తోసిపుచ్చలేను, కొంతమేరకు ఒప్పుకోవాలి. ఆదివారం కులాన్ని కూల్చలేదు. ఆరాధనకు కొత్త బట్ట కట్టుకుని వెళ్లినవాడు సోమవారం మళ్లీ ఆసామి కళ్లం దగ్గరే నిలబడ్డాడు. నూరేళ్లు గడిచాక 1985లో, ఒంగోలు ఉన్న ప్రకాశం జిల్లాలోనే, కారంచేడులో మాదిగలను ఊచకోత కోశారు. రోజుకూలి పద్ధతి వచ్చాక ఆదివారం మానితే ఆ రోజు కూలి పోతుంది, కాబట్టి పాటించడానికి పడే మూల్యం తగ్గకపోగా కొందరికి పెరిగింది. ఆడవాళ్ల సంగతి మరీ కష్టం. నీళ్లు తేవడానికీ పొయ్యి వెలిగించడానికీ ఆదివారం లేదు, తప్పనిసరి పని అన్న మినహాయింపు బరువంతా వాళ్ల మీదే పడింది. సంఘం ఈ విషయం మీద ఎన్నడూ గట్టిగా ఆలోచించలేదు, అది దాని లోపమే. డప్పు విషయంలోనూ నష్టం జరిగింది. కొలుపుల డప్పు విగ్రహారాధనలో భాగమని సంఘం దాన్ని దూరం పెట్టింది. చాకిరీగా కొట్టే డప్పును వదలడం వాళ్ల హక్కు, కానీ దాంతో పాటు చేతిలోని కళ కూడా చాలాచోట్ల జారిపోయింది. 1994 జూలై 7న అదే జిల్లాలోని ఈదుముడిలో మాదిగ దండోరా ఉద్యమం మొదలైనప్పుడు ఆ డప్పునే గుర్తుగా ఎత్తుకుంది. ఇన్ని ఒప్పుకున్నాక కూడా నా వాదన నిలుస్తుందనే అంటాను. ఒక ఆచారం అన్నిటినీ మార్చలేదని చెప్పడం, అది దేన్నీ మార్చలేదని చెప్పడం కాదు. ఊరి పిలుపుకు లేదని చెప్పడం ఒకసారి అలవాటైన పల్లెకు, ఆ తర్వాత మరిన్నిటికి లేదని చెప్పే దారి తెరుచుకుంది. దండోరా వేసిన తరానికీ మొదటిసారి ఆదివారం గుమ్మం దాటని తరానికీ మధ్య తెగిపోని సంబంధం ఉంది.

అన్నిటికన్నా లోతైన ఆక్షేపణ హేతువాదులది. విధేయత ఎవరి పట్ల అయినా విధేయతే, దాని నుంచి స్వేచ్ఛ ఎలా వస్తుంది? హక్కుగా అడిగి ఉంటే గౌరవంగా ఉండేది కదా, ఆజ్ఞగా చెప్పుకోవడం ఎందుకు? దీనికి జవాబు ఆ కాలపు పల్లెలో వెతకాలి. హక్కు అని అడగాలంటే ఆ హక్కును గుర్తించే ఒక అధికారం ఉండాలి. 1867లో ఒంగోలు తాలూకాలోని మాదిగకు అలాంటి చట్టం లేదు, మునసబు కచేరీలో అతని మాటకు విలువ లేదు. నాకు విశ్రాంతి కావాలి అంటే అది సోమరితనం అనిపించుకుంటుంది. నా దేవుడు పని చెయ్యవద్దన్నాడు అంటే ఆ ఊరికి అర్థమయ్యే మాట అది. దీక్షలూ మొక్కులూ మడీ ఉపవాసాలూ తెలిసిన సమాజం, దేవుడికిచ్చిన మాట మనిషికిచ్చిన మాటకన్నా పెద్దదని ఒప్పుకునే సమాజం. కోపం వచ్చినా ఆ మాటలోని బలం దానికి తెలుసు. ఇది ఒక ఎత్తుగడ అని అనడం లేదు, అలా అంటే ఆ మనుషుల నమ్మకాన్ని చిన్నబుచ్చినట్టవుతుంది. వాళ్లు నిజంగానే దేవుడికి లోబడ్డారు. అలా లోబడినందువల్లే మనిషి ముందు లేచి నిలబడగలిగారు. ఈ రెండూ ఒకే పనికి రెండు వైపులు.

ఈ సంగతికి చరిత్రలో దక్కాల్సిన చోటు దక్కలేదు. భారతదేశంలో వారపు సెలవు ఎలా వచ్చిందంటే, బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే చేసిన పోరాటం చెబుతాం. 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు, మరుసటి ఏడాది ఫ్యాక్టరీల చట్టంలో వారపు సెలవు వచ్చింది. ఫూలే అనుచరుడైన లోఖండేకు ఆ గౌరవం పూర్తిగా చెందుతుంది. ఆయన కూడా ఆదివారం ఖండోబా దేవుడి రోజని కారణం చూపించాడని చెబుతారు. అంటే అక్కడ కూడా దేవుడి పేరు కార్మికుడికి తోడు వచ్చింది. కానీ దానికి ఇరవై ఏళ్ల ముందే, కార్మిక సంఘం లేదు, సంతకాలు లేవు, పత్రిక లేదు, ఒంగోలు పడమటి పల్లెల్లో మాదిగలు ఆ రోజును తీసుకున్నారు. చట్టం ఇచ్చింది కాకపోవడంవల్ల అది చట్టాల చరిత్రలో లేదు. మతం పేరుతో జరగడంవల్ల కార్మిక చరిత్రలోనూ లేదు. మిషను చరిత్రల్లో ఉంది, అయితే అక్కడ దాన్ని ఆత్మల లెక్కగా రాశారు.

స్వాతంత్ర్యం తర్వాత ఈ ఆచారానికి మరో బరువు వచ్చిపడింది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో అందులో చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లు మన రాష్ట్రాల్లో బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్‌తో మిగిలారు. అందువల్ల కాగితం మీద ఒక మతం, ఆదివారం పొద్దున మరో మతం అనే పరిస్థితి వేల ఇళ్లలో ఉంది. దాన్ని మోసం అనేవాళ్లు, ఆ ఎంపికను వాళ్ల ముందు పెట్టిన ఉత్తర్వును చూడాలి. ధ్రువపత్రం ఏం చెప్పినా, ఆ మనిషి ఏ దేవుడికి లోబడి బతుకుతున్నాడో చెప్పేది అతను ఆదివారం ఎక్కడ ఉన్నాడన్నదే. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో మరో మలుపు కూడా ఉంది. ఒకప్పుడు బాప్తిస్టులుగా ఉన్న కొన్ని మాదిగ కుటుంబాలు తాము ఇశ్రాయేలు సంతతి అని చెప్పుకుంటూ యూదు ఆచారాలు చేపట్టాయి, 1991లో అక్కడ సినగాగు వెలిసింది. వాళ్లు శనివారం పాటిస్తారు. రోజు మారింది, వారంలో ఒకరోజును దేవుడి పేరు మీద ఊరి నుంచి విడిగా ఉంచుకోవడం మారలేదు.

ఈ చరిత్రకు ఆధారాలు ఇంగ్లీషు పుస్తకాల్లో కన్నా పల్లె చర్చిల బీరువాల్లో ఎక్కువ ఉన్నాయి. బాప్తిస్మం పుస్తకాలు, కానుకల లెక్కలు, ఆదివారం పనికి వెళ్లినందుకు ఎవరినో మందలించిన సంఘ పెద్దల తీర్మానాలు అన్నీ తెలుగులోనే, చేతిరాతలో ఉన్నాయి. చెదలు పడుతున్నాయి, కొత్త చర్చి కట్టినప్పుడు పాత కాగితాలు బయట పారేస్తున్నారు. ఒంగోలు, నెల్లూరు, రామాపట్నం, కనిగిరి ప్రాంతాల సంఘాలు వాటిని పారెయ్యకుండా ఫొటోలు తీయించి దాచాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం, నాగార్జున విశ్వవిద్యాలయం చరిత్ర విభాగాలు పరిశోధక విద్యార్థులను ఆ పల్లెలకు పంపించాలి. మీ ఇంటి పెద్దల్లో ఎవరి పేరయినా ఆ పుస్తకాల్లో ఉంటే, ముందు మీరే వెళ్లి అడగండి.